ఎరుపు లేని తెర

యాప్ తెరుచుకోవడం మానేసిన మూడో రోజున సుమన ఫోన్ పట్టుకుని నిజామాబాద్ బస్సెక్కింది. బోధన్‌లో ఇద్దరు మెకానిక్కులు అప్పటికే చూశారు. ఇంత పాత ఫోన్‌లో కొత్త యాప్ ఎక్కదని, ఫోనే మార్చుకోమని చెప్పి చేతులు దులిపేసుకున్నారు. మార్చుకునే స్తోమతే ఉంటే ఆమె వాళ్ళ దగ్గరికి వెళ్ళేదే కాదు.

ఆమె ఆశా కార్యకర్త. బోధన్ దాటి మంజీర నది వైపు వెళ్తే వచ్చే ఊళ్ళో పదహారేళ్ళుగా ఇంటింటికీ తిరుగుతోంది. ఎవరు నెల తప్పారు, ఎవరికి ఎన్నో నెల నడుస్తోంది, ఏ పసిబిడ్డకు ఏ టీకా పడాలి, ఇవన్నీ ఒకప్పుడు రిజిస్టర్‌లో రాసుకునేది. ఇప్పుడు అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. యాప్ లేకపోతే పని లేనట్టే. భర్త లింబయ్య చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా వెళ్ళి, నెలకో రెండు నెలలకో వచ్చిపోతున్నాడు.

సతీష్‌బాబు దుకాణం బస్టాండుకు దగ్గర్లో, ఒక పాత బిల్డింగు మెట్ల కింద ఉంది. అతని తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి బోధన్ కాలువ కింద భూమి కొన్నాడు. అలా వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న క్యాంపులో పుట్టి పెరిగినా అతని మాటలో కోస్తా యాస పోలేదు. పొలం అన్నకు వదిలేసి ఫోన్ల రిపేరు పట్టుకున్నాడు.

"ఎనిమిదేళ్ళయింది అక్కా దీనికి. కంపెనీ వాళ్ళు దీన్ని ఎప్పుడో వదిలేశారు," అన్నాడు ఫోన్ అటూ ఇటూ తిప్పి. "ఒక దారుంది. లోపలున్న సాఫ్ట్‌వేరంతా తీసేసి, బయట కుర్రాళ్ళు తయారుచేసిన కొత్తది ఎక్కించొచ్చు. అప్పుడు మీ యాప్ నడుస్తుంది."

"ఫోన్ ఖరాబైతదా?"

"మధ్యలో ఆగిపోతే ఇంక లేవదు. అయినా నేను చాలా చేశాను, భయపడకండి. ఒకటి మాత్రం ముందే చెప్తున్నా. ఇది కంపెనీది కాదు. మీ ఆఫీసు వాళ్ళకి తెలిస్తే ఊరుకోకపోవచ్చు."

"యాప్ నడిస్తే సాలు బాబు."

ఫోటోలు, నంబర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్‌కు కంపెనీ వేసిన తాళం తీశాడు. తాళం తీయగానే లోపల ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. నల్లటి తెర మీద సన్నటి గీతలు పరుగెత్తాయి. కరెంటు పోతే ప్రమాదమని వైరు ఇన్వర్టర్‌కు మార్చాడు. రెండు గంటలు గడిచాక ఫోన్ కొత్త బొమ్మతో వెలిగింది. మార్పులు చేసిన ఫోన్లలో ఆ యాప్ మొరాయిస్తుంది కాబట్టి, దానికి అనుమానం రాకుండా ఇంకో అరగంట ఏదో సర్దాడు. యాప్ తెరుచుకుంది.

"చూసుకోండి," అని చేతికిచ్చాడు.

సుమన ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. పక్కకు వంచింది. కొంగు అడ్డం పెట్టుకుని చూసింది. నొక్కాల్సిన చోటు పక్కనే ఆమె బొటనవేలు మూడుసార్లు పడింది.

సతీష్‌బాబు కాసేపు చూసి నెమ్మదిగా అడిగాడు. "అక్కా, మీకు చూపు ఆనట్లేదా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. దుకాణంలో ఇంకెవరూ లేరు. అప్పుడు చెప్పింది. ఏడాది నుంచి ఇలాగే ఉంది. ఆరు నెలల కింద ఇదే ఊళ్ళో కంటి డాక్టర్‌కు చూపించుకుంది. కంటి వెనక పొర ఎండిపోతోందని, అద్దాలు పనిచేయవని, ఆపరేషన్ లేదని అన్నాడు. తెల్లటి వెలుతురు పడితే కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది. ఎదుటి మనిషి ముఖం మధ్యలో మసక. లింబయ్యకు కూడా చెప్పలేదు.

"ఆఫీసుల తెలిస్తే తీసేస్తరు. ఎవ్వలకు చెప్పకు బాబు. నీకు దండం పెడ్త."

"నేనెందుకు చెప్తానక్కా. ఇటివ్వండి."

అక్షరాలను ఎంత పెద్దవి చేయొచ్చో అంతా చేశాడు. వాటిని లావు చేశాడు. తెల్లటి తెరను నల్లగా మార్చాడు. ఆమె చూసి, ఇంకా రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారుతున్నట్టుందని చెప్పింది. చివరికి అతను ఇంకొకటి నొక్కబోతూ ఆగాడు.

"ఇది పెడితే రంగులన్నీ పోతాయక్కా. నలుపు, తెలుపు అంతే. పర్లేదా?"

"పెట్టు, సూద్దాం."

తెర నల్లబడింది. అక్షరాలు తెల్లగా నిలబడ్డాయి. సుమన మూరెడు దూరంలో పట్టుకుని చదివింది. "బాలమణి... ఏడో నెల." మళ్ళీ చదివింది. ఇంకో పేరు చదివింది. ఆరు నెలలుగా ఆమె ఏ పేరూ ఇలా చదవలేదు. 

"రంగులతోని నాకేం పని బాబు. అక్షరం కండ్లవడితే సాలు," అంది.

కానీ ఆ యాప్‌లో రంగులకు పని ఉంది. ఒక్కో గర్భిణి పేరు వెనక ఒక పట్టీ ఉంటుంది. బాగుంటే పచ్చ, కనిపెట్టుకోవాల్సిన మనిషైతే పసుపు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి ఉంటే ఎరుపు. శిక్షణలో చెప్పారు. చూపు మసకబారిన ఏడాదంతా ఆమె పని నడిపించింది ఆ పట్టీలే. ఇప్పుడు అవన్నీ నలుపులో కలిసిపోయాయి. అక్షరాలు తిరిగి దొరికిన సంతోషంలో ఆ సంగతి ఆమెకు తట్టలేదు. వరస చివర 'ప్రమాదం' అని చిన్నగా ఒక మాట కూడా ఉంటుంది. అక్షరాలు పెద్దవయ్యేసరికి ఆ మాట తెర అంచు దాటి బయటికి పోయింది. సతీష్‌బాబుకు ఇవేవీ తెలియవు.

తర్వాతి మూడు వారాలు సుమన చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది. అంగన్‌వాడీ దగ్గర నిలబడి జాబితాలో పేర్లు గట్టిగా చదివి పిలిచేది. "సుమనక్క గొంతు లేచిందే!" అని ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

నాలుగో బుధవారం ఊళ్ళో టీకాల రోజు. ఏఎన్‌ఎం నర్సు రేణుకమ్మ టీకాల డబ్బా వేసుకుని వచ్చింది. పిల్లల ఏడుపులతో అంగన్‌వాడీ గది హోరెత్తిపోతోంది. ఆ గోలలోనే నిరోషకు బీపీ చూసింది. నిరోషకు ఇరవై రెండేళ్ళు, తొలి కాన్పు, ఎనిమిదో నెల. భర్త తుకారాం చెరకు ట్రాక్టర్ నడుపుతాడు. రేణుకమ్మ తన ట్యాబ్‌లో అంకెలు ఎక్కించి, ఇంకో ఊరికి వెళ్ళాలని హడావుడిగా లేచింది. బయట ఆటో ఆగి ఉంది.

"సుమనా, పొద్దుమీకి లిస్టు సూస్కో. ఎవరెవర్ని దవాఖానకు తీస్కపోవాల్నో తీస్కపో," అని ఎప్పుడూ చెప్పే మాటే చెప్పి వెళ్ళిపోయింది.

సాయంత్రం సుమన ఇంటి ముందు కూర్చుని జాబితా చూసింది. పంతొమ్మిది పేర్లు. నల్లటి తెర మీద అన్నీ తెల్లగా, ఒకేలా ఉన్నాయి. నిరోష, ఎనిమిదో నెల. అంతకుమించి ఏమీ లేదు. ఈ వారం అందరూ బాగున్నారనుకుని ఫోన్ పక్కన పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ వాకిలి ముందు నుంచి వెళ్తుంటే నిరోష పిలిచింది. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

"అక్కా, రెండు రోజులసంది తలకాయ ఒక్కతీరుగ నొస్తున్నది. కండ్ల ముందట మెరుపులు మెరిసినట్లయితున్నది. మనుషులు మసక మసక కనవడ్తున్నరు."

సుమన ఆగిపోయింది. తలనొప్పి, చూపు మసక. ఈ రెండూ కలిస్తే గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదమని ఆమెకు తెలుసు. పదహారేళ్ళలో ఎంతమందికి చెప్పిందో. వెంటనే సంచిలోంచి ఫోన్ తీసింది. నిరోష పేరు మిగతా పేర్లలాగే ఉంది.

"లిస్టుల ఏం రాలే బిడ్డా. సిస్టర్ బీపీ సూసింది గద మొన్ననే."

"సూసింది. ఏమనలే."

ఎండ అరుగు మీద పడి తెల్లగా మండుతోంది. ఆ వెలుతురులో సుమనకు నిరోష చీర రంగు తెలుస్తోంది తప్ప ముఖం తెలియడం లేదు, కాళ్ళు తెలియడం లేదు. కళ్ళు మసకబారడం గురించి ఇంకొకరి నోట వినగానే ఆమె ఫోన్ సంచిలో పడేసుకుంది. ఆ మాట సాగితే తన దగ్గరికి వస్తుందేమోనన్న భయం. కడుపునొప్పి అనో, నడుమునొప్పి అనో చెప్పి ఉంటే పక్కన కూర్చుని పది ప్రశ్నలు అడిగేది.

"ఎండకు గట్లయితది. నీళ్ళు మంచిగ తాగి పండుకో. సోమవారం నేనే తోల్కపోత," అని చెప్పి కదిలింది.

ఆదివారం తెల్లారాక నిరోషకు ఫిట్స్ వచ్చాయి. తుకారాం బైక్ మీద సుమన ఇంటికి దూసుకొచ్చాడు. "అక్కా, కొట్టుకుంటున్నది అక్కా, పండ్లు బిగవట్టింది!" అని అరిచాడు. సుమన అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అతని వెనక ఎక్కి వెళ్ళింది. అత్త చంద్రవ్వ కోడలి తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బోధన్‌లో ఇంజెక్షన్ ఇచ్చి నిజామాబాద్ పంపారు. దారిలో మరోసారి ఫిట్స్ వచ్చాయి. సుమన రెండు చేతులతో ఆ పిల్ల కాళ్ళు పట్టుకుంది. వేళ్ళు మెత్తటి పిండిలో దిగినట్టు దిగాయి. కాళ్ళు అంత ఉబ్బాయని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, కిలోన్నర. గాజుపెట్టెలో పెట్టారు. నిరోషకు మళ్ళీ స్పృహ రాలేదు. సోమవారం మధ్యాహ్నం చనిపోయింది.

రేణుకమ్మ అప్పుడే వచ్చి వరండాలో సుమన పక్కన నిలబడింది.

"బుధవారమే బీపీ నూట అరవై మీద నూట పది ఉండె. నేను ఎక్కించిన సుమనా. నువ్వు ఎందుకు తీస్కపోలే?"

"లిస్టుల ఏం రాలే సిస్టరమ్మా."

"రాకపోవుడేంది?" రేణుకమ్మ ట్యాబ్ తీసి ఆమె ముఖం ముందు పెట్టింది. "గిదేంది మరి?"

అక్షరాలు సుమనకు కనపడలేదు. ఆ పట్టీ మాత్రం కనపడింది. ఎర్రగా, తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా.

ఆమె ఆసుపత్రి మెట్లు దిగింది. సతీష్‌బాబు దుకాణానికి నడుచుకుంటూ వెళ్ళింది. దారిలో ఒక ఆటోకు తగలబోయి తప్పించుకుంది.

"రంగులు తిరిగి పెట్టు బాబు," అంది ఫోన్ బల్ల మీద పెట్టి.

"కళ్ళు నొప్పి పుడతాయేమో అక్కా."

"పెట్టు."

అతను పెట్టాడు. అక్షరాలు కూడా చిన్నవి చేయమంది. చేశాడు. జాబితాలో ఒక పేరు వెనక ఎర్రటి పట్టీ వచ్చింది. పక్కన చిన్నగా 'ప్రమాదం' అని ఉంది. సతీష్‌బాబు దాన్ని పైకి చదివి, ఆమె వైపు చూశాడు.

"గీ పిల్లనే. గిప్పుడే సచ్చిపోయింది."

అతను స్టూలు మీద కూర్చుండిపోయాడు.  "నేను అడిగాను కదక్కా, రంగులు పోతాయి పర్లేదా అని. ఎరుపుకి ఇట్లా అర్థం ఉందని ఒక్క మాట చెప్పుంటే..."

"నాకు యాదికి రాలే. అక్షరాలు కండ్లవడ్డయని సంబురపడ్డ."

బయట బస్సు హారన్లు మోగుతున్నాయి. సతీష్‌బాబు లేచి షట్టర్ సగం దించాడు.

"వినండక్కా. విచారణ పెడతారు కదా. ఫోన్ ఇక్కడ వదిలేసి వెళ్ళండి. పాత సాఫ్ట్‌వేరు మళ్ళీ ఎక్కించేస్తా. పాత ఫోన్, యాప్ నడవలేదు, నాకు లిస్టే రాలేదు అని చెప్పండి. నేను చేసినట్టు ఎవ్వరూ కనిపెట్టలేరు. మీ కళ్ళ సంగతి కూడా బయటికి రాదు."

సుమన చాలాసేపు ఆలోచించింది. అలా చెప్తే తన పని ఉంటుంది. కానీ లిస్టు రాలేదంటే, నోటితో చెప్పాల్సింది రేణుకమ్మ కదా అంటారు. ఆసుపత్రి వరండాలో చుట్టాలు అప్పుడే ఆ మాట అంటున్నారు, సిస్టర్ బీపీ చూసి చెప్పకుండా పోయిందని. రేణుకమ్మకు ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్.

"వద్దు బాబు. మల్ల నలుపు తెలుపు చేసి ఇయ్యి. ఎట్లుండెనో అట్లనే ఉండాలె."

"మరి నా..."

"నీ పేరు నా నోట్లకెల్లి రాదు."

అతను పాత విధంగా మార్చి ఇచ్చాడు.  ఆమె వెళ్ళిపోతుంటే మెట్టు దగ్గర చెయ్యి పట్టుకోబోయాడు గానీ, ఆమె గోడ పట్టుకుని దిగిపోయింది.

పది రోజులకు ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో విచారణ జరిగింది. డాక్టర్ ఉదయలక్ష్మి బల్ల అటువైపు కూర్చుంది. రేణుకమ్మ బెంచీ మీద, చేతిలో కర్చీఫ్ నలుపుకుంటూ ఉంది. సుమనను అడగకముందే ఆమె ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"సిస్టరమ్మ ఎక్కించింది మేడం. నాకు వచ్చింది. నాకు కండ్లవడలే. బజార్ల బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్న, రంగులు తీపిచ్చుకున్న."

డాక్టర్ ఫోన్ తీసుకుని చూసింది. ఆ పెద్ద పెద్ద అక్షరాలను వేలితో పైకీ కిందికీ జరిపింది. తర్వాత తన ముందున్న కాగితం తీసి సుమన వైపు జరిపింది.

"ఇది చదువు."

"కాగితం ఉన్నదని ఎర్కయితున్నది మేడం. ఏం రాసిండ్రో కండ్లవడ్తలేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది."

"ఏడాది! ఇన్ని ప్రాణాలు నీ చేతిలో పెట్టుకుని? ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది కదా!"

"చెప్తే తీసేస్తుంటిరి గద మేడం."

డాక్టర్ కాగితం వెనక్కి లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

సుమనను తీసేశారు. అంత ఎక్కువ బీపీ ఉన్న మనిషికి నోటితో చెప్పకుండా వెళ్ళినందుకు రేణుకమ్మకూ మెమో వచ్చింది. సుమన నిజం చెప్పినా రేణుకమ్మకు ఒరిగింది తక్కువే. బయట వేపచెట్టు కింద రేణుకమ్మ ఆగి, "ఇన్నేండ్లు కలిసి తిరిగినం. నాకన్న చెప్పకపోతివి," అంది. ఆ మాటలో కోపం ఉంటే సుమన తట్టుకునేది. అందులో ఏడుపే ఉంది.

లింబయ్యకు ఫోన్లో చెప్పింది. అతను "నాకేమన్న దూరపు సుట్టానివా నువ్వు?" అని అడిగి పెట్టేశాడు. నాలుగు రోజుల తర్వాత సంచి సర్దుకుని ఇంటికి వచ్చాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నెల గడిచాక బిడ్డను ఇంటికి తెచ్చారని తెలిసి, సుమన ఒక్కతే చంద్రవ్వ ఇంటికి వెళ్ళింది. వద్దని లింబయ్య చెప్పి చూశాడు. విచారణలో ఏం జరిగిందో ఊళ్ళో తలా ఒకరకంగా చెప్పుకుంటున్నారు. తన నోటితో చెప్పాలని ఆమె వెళ్ళింది.

చంద్రవ్వ అరుగు మీద మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, సీసాతో పాలు పడుతోంది. సుమన కింద కూర్చుంది. కళ్ళ సంగతి, ఫోన్ సంగతి, శుక్రవారం మధ్యాహ్నం తాను ఆ అరుగు ముందు నిలబడి ఎందుకు వెళ్ళిపోయిందో, ఏదీ దాచకుండా చెప్పింది. చంద్రవ్వ వింటూనే, పిల్లకు పొలమారితే వీపు నిమిరింది.

"కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టకుండె పిల్లకు," అంది చివరికి. "ఆ రోజు నేను లోపలనే ఉన్న. నాకు బుగులయి బయటికి రాబోయిన. నువ్వచ్చి నిలవడ్డవు, మాట్లాడినవు, పోయినవు. సుమన సూసి ఏమనలేదంటే ఏం లేదనుకున్న. నిన్ను సూసే నేను ధైర్యంగున్న."

"నాకు కనవడలే అక్కా."

"కనవడలేదని గప్పుడే అనకపోతివి. నేను సూస్తుంటి గద. నాకు కండ్లున్నయి గద."

 పసిపిల్ల పాలు తాగే చప్పుడు వినిపిస్తోంది. దాని ముఖం ఎలా ఉందో చూడాలని సుమనకు అనిపించింది. ఒళ్ళో తెల్లటి గుడ్డ ఒకటి కనపడింది, అంతే. దగ్గరికి జరగడానికి ధైర్యం చాలలేదు.

"ఇగ మా ఇంటికి రాకు," అంది చంద్రవ్వ. గొంతు పెంచలేదు. "నిన్ను తిట్టెటంత బలం సుత లేదు నాకు. రాకు, అంతే."

సుమన లేచింది. వాకిట్లోకి రాగానే ఎండ కళ్ళల్లో పడి అంతా తెల్లగా అయిపోయింది. గేటు ఎటువైపో తెలియలేదు. చెయ్యి చాచి రెండడుగులు వేసింది. గోడ తగలలేదు. అలాగే నిలబడిపోయింది.

ట్రాక్టర్ కింద పడుకుని ఏదో బిగిస్తున్న తుకారాం పానా కింద పెట్టి లేచాడు. ఆమె అరుగు దగ్గర చెప్పిందంతా అతనూ విన్నాడు. దగ్గరికి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. గ్రీజు చేతులు. గేటు దాటించి, మురుగు మోరీ మీది బండ దాటించి, రోడ్డు దాకా నడిపించాడు. 

"గిట్ల సక్కగ పో," అన్నాడు రోడ్డు మీదికి వచ్చాక. చెయ్యి వదిలేసి వెనక్కి తిరిగాడు.